వియన్నాకు ఒక్కదాన్నే

కాప్రాలో, వాళ్ల తమ్ముడి ఇంట్లో, ముందు గదిలో బల్ల మీద ఆమె ఫొటో పెట్టారు. బంతిపూల దండ వేశారు. దినాలకు వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే దణ్ణం పెట్టుకుని వెనక్కి జరుగుతూ దాదాపు ఒకే మాట అన్నారు.

"ఎప్పుడు గట్లనే ఉండేది పాపం. ముఖంల నవ్వే ఉండకపోయేది."

ఫొటోలో నిజంగానే నవ్వు లేదు. వెనక తెల్లటి గోడ, సూటిగా చూసే కళ్లు, బిగించిన పెదాలు, రెండు చెవులూ కనపడేలా వెనక్కి దువ్విన జుట్టు. నాకు మాత్రం దాన్ని చూడగానే దుఃఖంతో పాటు నవ్వు కూడా తన్నుకొచ్చింది. చున్నీ అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకున్నాను.

అది వీసా ఫొటో. పద్మారావు నగర్‌లో ఒక చిన్న స్టూడియోలో నేనే దగ్గరుండి తీయించాను. నవ్వకూడదు, పళ్లు కనపడకూడదు, చెవులు కనపడాలి అని ఫొటో తీసే ఆయన చెప్పిన దగ్గర్నుంచి ఆమెకు నవ్వు ఆగలేదు. "చెవులెందుకు, మెలిపెడ్తరా?" అని ఒకసారి నవ్వింది. నా ముఖం చూసి ఒకసారి నవ్వింది. ఏ కారణమూ లేకుండా ఇంకోసారి నవ్వింది. ఆయన విసిగిపోయి, నన్ను బయటికి పంపి తలుపు వేస్తే తప్ప ఆ ఫొటో రాలేదు. ఈమధ్య కాలంలో ఆమె తీయించుకున్నది అదొక్కటే అయ్యుండాలి. దాన్నే పెద్దది చేయించి దండ వేశారు.

ఆమె పేరు ఇక్కడ రాయను. మేమున్న మూడంతస్తుల భవనంలో ఆమెను పేరుతో పిలిచినవాళ్లే లేరు. అందరికీ ఆంటీ. నేను కూడా మొదట్లో అలాగే పిలిస్తే, "ఆంటీ అంటె ఎవరికో చెప్తున్నట్టుంటది. అక్కా అను" అంది. అప్పటినుంచి నాకు అక్క.

మాది విజయనగరం వైపు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చాను. పెళ్లి ఇక్కడే అయింది, ఆ పెళ్లి చెడిపోవడమూ ఇక్కడే అయింది. ఆ తర్వాత పద్మారావు నగర్‌లో రెండో అంతస్తులో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకున్నాను. ఆఫీసు పనంతా ఇంట్లోంచే. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రానికి మనిషి గొంతు వినాలనిపించి కూరగాయల బండి దగ్గర అక్కరలేని బేరాలు ఆడేదాన్ని. సరిగ్గా అలాంటి ఒక సాయంత్రమే ఆమెను మొదటిసారి సరిగా చూశాను. అరవై దగ్గరపడిన మనిషి, నేత చీర, కాళ్లకు కొత్త బూట్లు, చేతిలో నీలం రంగు చక్రాల పెట్టె. పెట్టెను గడగడమని లాక్కుంటూ వీధి చివరిదాకా వెళ్లింది. ఊరెళ్తోంది కాబోలు అనుకున్నాను. కాసేపటికి అదే పెట్టెతో తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాలుగో రోజో ఐదో రోజో ఉండబట్టలేక అడిగేశాను.

"ఏటండీ, రోజూ ఎక్కడికెళ్లి వచ్చెస్తున్నారు?"

ఆమె ఆగి, ఊపిరి తీసుకుంది. "వియన్నా పోతున్న" అంది. తర్వాత పెట్టె వైపు చూసి, "ఇంక పోలే. ప్రాక్టీసు" అంది.

కరెంటాఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి మంచం పట్టి ఏళ్లకేళ్లు ఉండిపోయింది. ఆఫీసు, మందుల షాపు, ఇల్లు. ఇంతకు మించి ఆమె తిరిగిన ఊరు లేదు. నేను అక్కడ దిగేనాటికి తల్లి పోయి ఏడాది దాటింది కానీ ఆమె ఒంట్లోంచి తల్లి పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ తల పక్కకు వంచి వినేది. ఒక్కోసారి మాట మధ్యలోనే లేచి నిలబడి, లోపలికి రెండడుగులు వేసి, ఆగిపోయేది. లోపల ఎవరూ ఉండరు. మళ్లీ వచ్చి కూర్చుని, వదిలిన మాట దగ్గర్నుంచే అందుకునేది. దాని గురించి నేనూ ఎప్పుడూ అడగలేదు, ఆమె కూడా ఎప్పుడూ చెప్పలేదు.

వియన్నాయే ఎందుకని మాత్రం అడిగాను. ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"లండన్ పోతనన్ననుకో, ఈ బిల్డింగుల నలుగురి పిల్లలు ఆడనే ఉన్నరు. పచ్చడి సీసాలిస్తరు, సున్నుండలిస్తరు. మా వాళ్లింట్లనే ఉండుండ్రి అంటరు. ప్యారిస్ అన్నా ఎవరో ఒకరుంటరు. వియన్నాల మనోళ్లు ఎవరున్నరో నాకైతే తెల్వదు. ఎవరికీ ఏమీ మోసుకపోయేది లేదు. నాలుగు రోజులుంట, వస్త."

ఆ మాట ఎలా పాకిందో గాని, కింది వాటాలో ఉండే ఆవిడ ఆస్ట్రియాను ఆస్ట్రేలియాగా విని, మెల్‌బోర్న్‌లో ఉన్న చెల్లెలి కోసం గోంగూర పచ్చడి పట్టుకుని పైకొచ్చింది. అక్క ఆ సీసా అందుకుని, ఆవిడకు దేశం తేడా ఎంతో ఓపిగ్గా చెప్పి, సీసా తిరిగి ఇవ్వడం మర్చిపోయింది. ఆ పచ్చడి మేమిద్దరం నెలరోజులు తిన్నాం.

ఇంకొక రోజు అసలు మాట చెప్పింది. మేడ మీద బట్టలు తీస్తున్నాం.

"ఈడ ఒక్కదాన్ని బయటికి పోతే అందరు జాలిగ చూస్తరు బిడ్డా. పాపం ఎవరు లేరనుకుంటరు. గక్కడ ఒక్కదాన్ని తిరిగిననుకో, టూరిస్టు అంటరు. అంతే కద?"

నేను ఒప్పుకున్నాను. అంతే కదా.

అప్పటినుంచి ఆ ప్రయాణం మా ఇద్దరి పనీ అయింది. సాయంత్రం ఆఫీసు పని కట్టేయగానే నేను పై అంతస్తులో ఆమె ఇంటికి వెళ్లేదాన్ని. ఆమె టీ పెట్టేది. కంప్యూటర్‌లో వియన్నా వీధులు తెరిచి, బొమ్మల్లోనే ఒక్కో సందూ నడిచేవాళ్లం. ఆమెకు రాజభవనాల మీద పెద్ద మోజు లేదు. రోడ్డు దాటే చోట కూర్చునేందుకు బెంచీ ఉందా లేదా, ట్రామ్ ఎక్కే మెట్టు ఎత్తా పల్లమా, ఇలాంటివి చూసేది. ఏ అడ్డంకి వచ్చినా ఆమె నోట ఒకటే మాట. "ఏం పరేషాన్ లేదు." హోటల్ గది నాలుగో అంతస్తులో దొరికితే ఏం పరేషాన్ లేదు. అక్కడ చలి ఎముకలు కొరికేస్తుందంటే ఏం పరేషాన్ లేదు. నాకు అర్థమైందేమిటంటే, నిజంగా పరేషాన్ అయినప్పుడే ఆ మాట అనేది.

ఆమె ప్రాక్టీసు పెట్టెతో ఆగలేదు. వియన్నాలో హోటల్ నుంచి పెద్ద చర్చి దాకా నడవాల్సినంత దూరం ఇక్కడ మా వీధి నుంచి చిలకలగూడ దాకా ఉంటుందని తేల్చి, అంతా నడిచొచ్చేది. ట్రామ్ ఎక్కడం అలవాటు కావాలని లోకల్ రైలెక్కి బొల్లారం వెళ్లేది. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్లాను. బొల్లారం స్టేషన్లో దిగి, చెట్ల కింద ఖాళీ బెంచీ చూసుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"ఇప్పుడేటి చేస్తాం అక్కా?"

"ఏం చెయ్యం. ఊకె కూసోవాలె. గదే ప్రాక్టీసు."

అది అన్నిటికంటే కష్టమైన ప్రాక్టీసు ఆమెకు. కూర్చున్న కాసేపటికే తల పక్కకు వంగిపోయేది. చేతులు బ్యాగు జిప్పు మీదికి పోయేవి. మందులు ఇవ్వాల్సిన వేళ అయిందేమోనన్నట్టు గడియారం చూసుకునేది. మళ్లీ తనను తాను కోప్పడుతున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకునేది.

ఇక హోటల్ ప్రాక్టీసు. ఆమె జన్మలో ఒక్కతే హోటల్లో కూర్చుని తినలేదట. వియన్నాలో కాఫీ హోటళ్లలో గంటలు గంటలు ఒక్కరే కూర్చుంటారని నేనే చదివి వినిపించాను. అది ఆమె మనసులో పడిపోయింది. ఒక ఆదివారం మా దగ్గరి టిఫిన్ హోటల్‌కు వెళ్దామంది. కానీ షరతు పెట్టింది.

"నువ్వు వేరే టేబుల్ మీద కూసో. నేనెవరో నీకు తెల్వదు. నువ్వెవరో నాకు తెల్వదు."

ముందు ఆమె వెళ్లింది. నేను కాసేపాగి వెళ్లి, కొంచెం దూరంలో గోడవారగా కూర్చున్నాను. సర్వర్ ఆమె దగ్గరికొచ్చాడు.

"ఎంతమంది మేడం? ఫ్యామిలీ అయితే పైన కూసోండ్రి."

"ఒక్కదాన్నే."

"ఎవరన్న వస్తున్నరా?"

"ఎవరు రారు."

అతను రెండు నీళ్ల గ్లాసులు పెట్టి, ఒకటి మళ్లీ తీసుకుపోయాడు. ఆమె దోసె తెప్పించుకుంది. తలెత్తకుండా, ఎవరో తరుముతున్నట్టు తినేసింది. కాఫీ వచ్చాక నిదానంగా తాగాలని మేం ముందే అనుకున్నాం. ఆమె కప్పు పట్టుకుని నా వైపు చూసింది. నేను తెలియనట్టు చూపు తిప్పుకున్నాను. మళ్లీ చూసింది. అంతలో ఖాళీ లేదని ఒక భార్యాభర్తలను, వాళ్ల పిల్లను తెచ్చి ఆమె ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ పిల్ల సాంబారు ఒలకబోసింది, ఆమె తన టిష్యూ కాగితాలు ఇచ్చింది, ఆ తల్లి "మీరొక్కరే వచ్చిన్రా ఆంటీ?" అని అడిగింది. ఆమె కాఫీ సగం వదిలేసి లేచిపోయింది.

బయట నాకోసం ఎదురుచూస్తోంది. ముఖం ఎర్రబడింది.

"ఫెయిలైన. ఇంకోపారి రావాలె" అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, "నువ్వు మంచిగ కూసున్నవ్. నీకు ఎట్ల వస్తది?" అంది.

అదే హోటల్లో, అదే గోడవారగా, వారంలో నాలుగైదు రోజులు నేను అలాగే తినేదాన్ని. నాకది ప్రాక్టీసు కాదు.

కాగితాలన్నీ జతచేసి వీసాకు పెట్టాం. వేలిముద్రలు ఇచ్చొచ్చిన రోజు పండగలా సేమ్యా పాయసం చేసింది. కొన్ని వారాలకు పాస్‌పోర్టు తిరిగొచ్చింది. వీసా లేదు. అచ్చు కాగితం ఒకటి ఉంది. అందులో ఒక గడికి ఎదురుగా టిక్కు కొట్టి ఉంది. నాలుగు రోజుల తర్వాత మీరు మీ దేశానికి తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని దాని సారాంశం.

నేను చదివి చెప్పాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని తనూ చదువుకుంది.

"అందరికీ ఇదే కొడతారు అక్కా. మనసులో పెట్టుకోకండి."

"వాళ్లకెట్ల తెల్సిందో చూడు" అంది ఆమె, నిజంగా ఆశ్చర్యపోతున్నట్టు. "మొగడు లేడు, పిల్లలు లేరు, తల్లిదండ్రులు లేరు, నౌకరి లేదు. గిది ఎందుకు తిరిగొస్తది అనుకున్నరు. తప్పేం రాయలే బిడ్డా. నేను రాకుంటె అడిగెటోళ్లెవరు? పాలాయన రెండు రోజులు చూసి ప్యాకెట్ ఏసుడు బంద్ చేస్తడు. అంతే."

"నేనడుగుతాను కదా."

"నువ్వు కిరాయికున్నదానివి. రేపు మీ కంపెనీ ఏడికి పొమ్మంటె ఆడికి పోతవ్."

నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. ఉన్నమాట అంది. అందుకే ఎక్కువ నొప్పించింది. ఆ సాయంత్రం టీ తాగకుండానే కిందికి వచ్చేశాను.

రెండు రోజులు ఆలోచించి, మళ్లీ పైకి వెళ్లి చెప్పాను. నేనూ వస్తాను, నాకు ఉద్యోగం ఉంది, జీతం కాగితాలు ఉన్నాయి, ఇద్దరం కలిసి పెడితే వీసా తేలిగ్గా రావచ్చు అని. చెప్తుంటేనే నాకు సంతోషంగా ఉంది. అంతవరకు ఆ కోరిక నాలో ఉందని నాకే తెలియదు.

ఆమె నా చెయ్యి తీసుకుని నిమిరింది.

"నువ్వొస్తె నాకు మస్తు మంచిగనిపిస్తది. కని నువ్వొస్తె నేను నిన్ను చూసుకుంట కూసుంట. నువ్వు తిన్నవా, నీకు చలి పెడ్తుందా, గిదే చూస్త. జిందగీ మొత్తం గదే చేసిన. ఈ నాలుగు రోజులు ఒక్కదాన్నే పోనియ్యి."

టీ గ్లాసులు కడిగి పెట్టి, కిందికి దిగాను.

టికెట్లు చేసే ఏజెంటు ఒక దారి చెప్పాడు. దగ్గరి రక్తసంబంధీకులు ఎవరైనా, ఈమె మా మనిషి, తిరిగొస్తుందని రాసిస్తే మళ్లీ పెట్టవచ్చట. ఆమెకున్న రక్తసంబంధం ఒక్క తమ్ముడు. కాప్రాలో ఉంటాడు, రంగులూ సిమెంటూ అమ్మే దుకాణం. తల్లి మంచంలో ఉన్నన్నాళ్లు పండగకో పబ్బానికో వచ్చి చూసి వెళ్లేవాడు. తల్లి పోయాక, ఇల్లు తాళం వేసి తన దగ్గరికి వచ్చి ఉండమని అక్కను అడిగాడు. ఈమె రానంది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. అప్పటినుంచి రాకపోకలు లేవు. ఇదంతా ఆటోలో కాప్రా వెళ్తుండగా నాకు చెప్పింది. చెరువు కనపడే మలుపు దగ్గర ఆటోను ఆపించి, వెనక్కి పోదామంది. కాసేపు ఆ నీళ్ల వైపు చూసి, "పా, ఏం పరేషాన్ లేదు" అంది.

తమ్ముడు బట్టతల, పెద్ద గొంతు ఉన్న మనిషి. అక్కను చూడగానే లేచి నిలబడ్డాడు గానీ రమ్మనలేదు. ఆయన భార్యే వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. చాయ్ ఇచ్చింది. వచ్చిన పని, ప్రయాణం తేదీలతో సహా, నేనే వివరించాను. ఆయన అంతా విని అక్క వైపు తిరిగాడు.

"ఏమని రాయాలె?"

"తిరిగొస్తదని."

"పద్మారావు నగర్ నుంచి కాప్రా ఎంత దూరమక్కా? ఆటోల అర్ధగంట. గక్కడికెల్లి ఈడికి రానిదానివి, వియన్నా నుంచి తిరిగొస్తవని నేను రాసియ్యాల్నా?"

ఆమె కప్పు కింద పెట్టింది. ఏదో చెప్పబోతున్నట్టు ఆయన వైపు చూసింది. పెదాలు కదిలాయి కూడా. ఆయన ఎదురుచూశాడు. నేనూ ఎదురుచూశాను.

"చాయ్ మంచిగుంది" అంది ఆయన భార్యతో.

ఆయన విసురుగా లోపలికి వెళ్లాడు. ఇక లేద్దామా అని నేను కళ్లతోనే అడిగాను. అంతలో దుకాణం పేరున్న కాగితం ఒకటి, పెన్ను పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఇంగ్లీషులో ఎలా రాయాలో నన్ను ఒక్క ముక్క అడగలేదు. పెద్ద పెద్ద అక్షరాలతో తనే రాసి, సంతకం పెట్టి, మడిచి నా చేతికిచ్చాడు.

ఆటోలో ఆమె తెరిచి చూసింది. రెండే వాక్యాలు. ఆమె నా అక్క. ఆమె కోసం మేము ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటాము.

"గిది వీసా కోసం రాసిండా, నిజంగనా?" అని నన్నడిగింది.

"తెలీదక్కా."

"నాకు సుత తెల్వదు" అని కాగితం బ్యాగులో పెట్టుకుంది.

ఈసారి వీసా వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయానికి బస్సులో నేనే తీసుకెళ్లాను. లోపలికి వెళ్లే ముందు నాకో ఆజ్ఞ జారీ చేసింది. "ఫోన్ చెయ్యకు. నేను సుత చెయ్య." గాజు తలుపు అవతల, జవాను పాస్‌పోర్టు చూస్తుండగా, ఆమె తల పక్కకు వంచి ఒక్క క్షణం విన్నది. తర్వాత పెట్టె లాక్కుంటూ వెళ్లిపోయింది. ఇన్నాళ్లు వీధిలో లాగినట్టే, బాగా చేయితిరిగిన మనిషిలా.

ఆ నాలుగు రోజులూ సాయంత్రాలు నాకు ఎటూ తోచలేదు. ఒకరోజు మరిచిపోయి మెట్లెక్కి, తాళం చూసి దిగాను. ఆమె పక్కన లేకుండా కంప్యూటర్‌లో ఆ వీధులు తెరిచాను. బెంచీలన్నీ అక్కడే ఉన్నాయి. దేని మీదా ఎవరూ లేరు. ఆ బొమ్మలు ఎప్పటివో.

తిరిగొచ్చే రోజు నేను విమానాశ్రయానికి వెళ్లాను. బయటికొచ్చే దారి దగ్గర కంచెకు ఆనుకుని నిలబడి చూస్తే, అవతలి వైపు తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నీళ్ల సీసా. దగ్గరికి వెళ్లి పలకరించాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు.

"ఎదురుచూస్తుంటమని రాసిచ్చిన కదమ్మా. రాకుంటె అబద్ధమైతది" అన్నాడు.

ఆమె బయటికి వచ్చింది. కంచెకు ఆ చివర ఆయన్నీ ఈ చివర నన్నూ చూసి ఆగిపోయింది. ముందు ఆయన దగ్గరికే వెళ్లింది. వెళ్లాల్సిందే కదా. ఆయన పెట్టె అందుకున్నాడు. నన్నూ కారెక్కమన్నారు. ఇటువైపు పనుందని చెప్పి నేను బస్సు ఎక్కాను.

ఆ తర్వాత ఆయన ప్రతి ఆదివారం పద్మారావు నగర్ వచ్చేవాడు. పండ్లో, పూరీలో పట్టుకొచ్చేవాడు. పైన టీవీ మోత వినపడేది. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం దాకా టీవీ చూసేవాళ్లు. ఆయన వెళ్లేటప్పుడు "పోతున్న" అనేవాడు. ఆమె "మంచిది" అనేది.

వియన్నా గురించి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎట్లున్నదని అడిగితే "మంచిగుంది, చల్లగుంది" అనేది. నాకు కూడా అంతే చెప్పింది. రాజభవనం చూశారా అంటే, లైను పెద్దగుంటే వెనక్కొచ్చానంది. కాఫీ హోటల్‌కు వెళ్లారా అంటే, "పోయిన. ఒక్క ఏలు చూపెట్టిన. ఒకే గ్లాసు నీళ్లు పెట్టిండు" అని నవ్వింది. ఇంతకాలం కలిసి గీసిన ప్రయాణం కాబట్టి దానిలో నా వాటా నాకొస్తుందని నేను అనుకున్నాను. రాలేదు. సాయంత్రాలు పైకి వెళ్లినా, చూడాల్సిన వీధులు లేవు. టీ తాగి దిగొచ్చేదాన్ని.

చాలా నెలల తర్వాత ఒకరోజు, బొల్లారం పోదామా అని తనే అడిగింది. అదే స్టేషను, అదే చెట్లు. ఆమె నిమ్మళంగా కూర్చుంది. చేతులు జిప్పు మీదికి పోలేదు. ఒక రైలు వెళ్లిపోయాక చెప్పింది.

మూడో రోజు ఆమె మా ప్లాను ప్రకారం పోలేదట. ఏదో ఒక ట్రామ్ ఎక్కి, దిగబుద్ధి కాక చివరిదాకా వెళ్లిందట. అక్కడ చూడ్డానికేమీ లేదు. మామూలు ఇళ్లు, ఒక బడి, బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు. స్టాపులో బెంచీ మీద కూర్చుంది.

"ఒక ముసలామె వచ్చి పక్కకు కూసుంది. సంచిల ఆకుకూర ఉన్నది. నన్ను చూసి ఏందేందో మాట్లాడుడు షురూ చేసింది. నాకొక్క ముక్క సమజ్ కాలే. మధ్యమధ్యల ఆగి నా దిక్కు చూస్తది. ఏదన్న అనాలె కద. అవునమ్మా అన్న. ఆమె ఇంక చెప్పింది. నేను సుత చెప్పిన."

"ఏ భాషలో అక్కా?"

"తెలుగుల్నే. ఆమె ఆమె భాషల చెప్పింది, నేను నా భాషల చెప్పిన. అమ్మ గురించి చెప్పిన. తమ్ముని గురించి చెప్పిన. నా గురించి చెప్పిన. ఎన్నడు నోట్లకెల్లి రాని మాటలు, వస్తనే ఉన్నయి. ఒకపారి ఏడ్చిన. గప్పుడామె నా చెయ్యి పట్టుకున్నది. ట్రాములు వస్తున్నయి, పోతున్నయి, ఇద్దరం లేస్తలేము. తర్వాత ఆమె లేచి, నా చెంప మీద చెయ్యి పెట్టి, పోయింది."

ఆమె ముఖం ఆ మాటలు చెప్తుంటే ఎంతో తేటగా ఉంది. నాకు సంతోషం కలగాల్సింది. కలిగింది కూడా. కానీ దాని అడుగున ఇంకేదో మెదిలి, నోరు జారింది.

"అవి నాకు చెప్పొచ్చు కదా అక్కా."

"నీకు చెప్తె నువ్వు యాది పెట్టుకుంటవ్ బిడ్డా. పొద్దుగాల మెట్ల మీద ఎదురైతవ్. నా ముఖంల నీకు గదే కనపడ్తది. మళ్ల నీ ముందట నేనెట్ల నవ్వాలె?"

తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చుని, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

మరుసటి ఏడు మా ఆఫీసు అందర్నీ వెనక్కి పిలిచింది. రోజూ అంత దూరం తిరగలేక నేను మాదాపూర్ వైపు మారిపోయాను. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. మొదట్లో తరచూ, తర్వాత అప్పుడప్పుడు. మొన్న వానాకాలంలో జ్వరం ముదిరి ఆస్పత్రిలో చేరిందని, అక్కడి నుంచి తమ్ముడి ఇంటికి తీసుకెళ్లారని తెలిసి కాప్రా వెళ్లి చూసొచ్చాను. మాట లేదు. నన్ను గుర్తుపట్టి, వేళ్లు మాత్రం కదిపింది. తమ్ముడు మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పదిరోజులకే పోయింది.

దినాలు అయ్యాక నేను బయల్దేరుతుంటే ఆయన గేటు దాకా వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. పెద్ద గొంతు సన్నబడిపోయింది.

"మీతోని మంచిగ మాట్లాడేది కదమ్మా మా అక్క. గా వియన్నాల ఏం చూసిందట? ప్రతి ఆదివారం అడుగుదామనుకునేటోన్ని. టీవీ నడుస్తుండె. అడగలే."

"ట్రామ్ ఎక్కి చివరిదాకా వెళ్లిందండి. అక్కడ ఒక పెద్దావిడతో చాలాసేపు మాట్లాడిందట."

"మా అక్కనా? చాలాసేపా?" ఆయన నమ్మలేనట్టు చూశాడు. "ఏం మాట్లాడిందట?"

"అమ్మగారి గురించి. మీ గురించి కూడా చెప్పిందట."

"నా గురించా? ఏమని?"

"నాకు చెప్పలేదండి. ఆవిడకొక్కరికే చెప్పింది. ఆవిడకు తెలుగు రాదు, అందుకే చెప్పగలిగిందేమో."

ఆయన గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపల ఎవరో భోజనాలకు పిలుస్తున్నారు. ఆయన ఆ పిలుపు విన్నట్టు లేదు.

"నాకు తెలుగొస్తది కదమ్మా" అన్నాడు.